చింగ్‌మింగ్ పండుగయు మన పెద్దల అమావాస్యయు

పెద్దలను తలచుకొనని జాతి లేదు. తలచుకొను తీరులోనే భేదము. కొందరు అన్నము పెట్టి తలచుకొందురు. కొందరు దీపము పెట్టి తలచుకొందురు. కొందరు చీపురు పట్టి తలచుకొందురు. ఈ మూడవ తెగకు చెందినది చీనీయుల వసంతకాలపు పండుగ, చింగ్‌మింగ్. ఈ వ్యాసమున మేము ఆ పండుగ గుణదోషములను పరిశీలించి, హోసూరు, కృష్ణగిరి సీమలలో తరతరములుగ స్థిరపడిన మన తెలుగు కుటుంబములు జరుపుకొను పెద్దల అమావాస్యతో దానిని సరిచూడ దలచితిమి. పరదేశపు పండుగ మనకేల యని కొందరడుగవచ్చును. మన యింటి గోడ వంకర మన కంటికి కనబడదు. మేస్త్రి వచ్చి దారమునకు గుండు కట్టి వ్రేలాడదీసిన గాని అది తెలియదు. పరదేశపు ఆచారము మనకు అట్టి గుండువంటిది.

చింగ్‌మింగ్ అనగా నిర్మలమై ప్రకాశించునది యని అర్థము. చీనీయులు సూర్యగమనమును బట్టి సంవత్సరమును 24 భాగములుగ విభజించిరి. అందు అయిదవ భాగమునకు ఈ పేరు. వసంత విషువత్తు గడచిన సుమారు 15 దినములకు, అనగా ఏప్రిల్ 4, 5 తేదీల ప్రాంతమున, ఈ పండుగ వచ్చును. వారి తక్కిన పెద్ద పండుగలు చాలవరకు చంద్రుని బట్టి నడచునవి. ఇది మాత్రము సూర్యుని బట్టి నడచును. చాంద్రమానపు ఉగాదిని జరుపుకొని, కొలది దినములకే ఇరుగుపొరుగు వారితో సౌరమానపు చిత్తిరై సంవత్సరాదిని చూచు మన సీమవారికి ఈ భేదమును విప్పి చెప్ప పనిలేదు. ఈ 24 భాగముల కాలగణనమును 2016లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఈ పండుగకు మూలముగ ఒక గాథను చెప్పుదురు. జిన్ రాజ్యపు రాకుమారుడు దేశభ్రష్టుడై తిరుగుచుండగా జియె జితుయి అను సేవకుడు ఆతనిని విడువక వెంట నుండెను. ఆకలికి సొమ్మసిల్లిన ప్రభువునకు తన తొడమాంసమును కోసి వండి పెట్టెనట. మన శిబి చక్రవర్తి కథ విన్నవారికి ఇది వింత గాదు. రాకుమారుడు క్రీస్తునకు పూర్వము 636లో గద్దె నెక్కి, తోడున్న వారికెల్ల బహుమానము లిచ్చి, ఈతనిని మరచెను. సేవకుడు అడుగలేదు; తల్లిని వెంటబెట్టుకొని కొండ కేగెను. ప్రభువు తరువాత తెలిసికొని, ఆతని రప్పింప దలచి కొండకు నిప్పు పెట్టించెను. తల్లీకొడుకు లిద్దరును ఆ నిప్పునకే ఆహుతియైరి. ఆ దుఃఖముచే ఆ దినము పొయ్యి రాజేయక చల్లని తిండి తినుట ఆచార మాయెనని గాథ. అందులకే దానిని చల్లని భోజనపు పండుగ యనిరి. టాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ 732లో ఆ పండుగనాడు సమాధులను దర్శించి ఊడ్చుటను శాసనముచే విధిగ అంగీకరించెను. కాలక్రమమున చల్లని భోజనపు పండుగ చింగ్‌మింగ్‌లో కలిసిపోయినది.

గాథ సత్యమా, కల్పితమా యను విచారణ మాకు ముఖ్యము గాదు. ఆ గాథ యెత్తిచూపు దోషమే ముఖ్యము. ప్రభువు చేసిన తప్పు చంపుట కంటె ముందుగ మరచుట. మరపునకు ప్రాయశ్చిత్తముగ పుట్టిన పండుగ యిది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము. మన సంగతికి వచ్చునప్పుడు దీనితో పనిబడును.

పండుగనాడు చేయు పని యేమి? ఇంటిల్లిపాదియు సమాధికడకు పోవుదురు. సంవత్సరము పొడుగున మొలచిన గడ్డిని పీకుదురు, ఊడ్తురు, కడుగుదురు. అనేకచోట్ల సమాధిశిల మీద చెక్కిన అక్షరములలో రంగు వెలసియున్న యెడల తిరిగి రంగు నింపుదురు. పిదప పండ్లు, భక్ష్యములు, మద్యము నివేదించి, అగరువత్తులు వెలిగించి, కాగితపు నాణెములను కాల్తురు. అది ముగిసిన తరువాత అక్కడనే కూర్చుండి భుజింతురు. పిల్లలు గాలిపటము లెగురవేయుదురు. యాంగ్సీ నది దిగువ ప్రాంతములలో లేత ఆకుల రసముతో పచ్చగ చేసిన బియ్యపుపిండి ఉండలను తిందురు. శోకమును, వనభోజనమును ఒకే దినమున ఇమిడియున్నవి. ఇందు ఔచిత్యభంగము గలదని తోచవచ్చును. మాకట్లు తోచలేదు. చిగురు తొడుగు కాలమున పోయినవారిని తలచుకొనుటలో ఒక లోకజ్ఞానము గలదు.

అన్నిటిలోను మా దృష్టి నాకర్షించినది అక్షరములకు రంగు నింపు పని. దానిని చేయుటకు ముందు ఆ అక్షరములను చదువవలెను. తండ్రి చదువును, కొడుకు కుంచె పట్టును. ఆ విధముగ సంవత్సరమున కొకమారు ముత్తాత పేరు మునిమనుమని నోటబడును. ఆచారము పాఠశాల యగుట యనగా ఇదియే.

ఈ పండుగను గూర్చిన కళాకృతులలో రెండు లోకప్రసిద్ధములు. మొదటిది దు ము (803-852) వ్రాసినట్లు చెప్పబడు చిన్న పద్యము. ఆ కవి కృతుల సంపుటమున అది కానరానందున కర్తృత్వమును గూర్చి పండితులలో సందేహము గలదు. అయినను చీనాలో చదువుకొన్న ప్రతి బాలునికి అది కంఠస్థము. పెద్దల పండుగను గూర్చిన ఆ పద్యమున సమాధి యను మాటయే లేదు. తుంపర వానలో ఒక బాటసారి, మద్యశాల యెక్కడ యని పశులకాపరిని అడుగుట మాత్రమే అందలి సన్నివేశము. అందరును తమ పెద్దలకడకు పోవు దినమున తాను పోలేక దారిలో చిక్కుకొన్నవాని మనోవ్యథ అందు సూచితము. దానిని చెప్పకయే చెప్పుట ఆ పద్యపు గొప్పతనము. ఊరు విడిచి బ్రతుకువారి పక్షమున వ్రాసిన పద్య మది.

రెండవది జాంగ్ జెదువాన్ అను చిత్రకారుడు 12వ శతాబ్ది ప్రారంభ ప్రాంతమున పట్టుగుడ్డ మీద వ్రాసిన పొడవైన చిత్రపటము. ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. పొడవు అయిదు మీటర్లకు మించును. ఇప్పుడది బీజింగ్ నగరమునందలి ప్రాసాద ప్రదర్శనశాలలో నున్నది. నదిలో పడవలు, వంతెన మీద జనసమ్మర్దము, అంగళ్ళు, ఒంటెలు, కూలీలు అన్నియు అందు కలవు, సమాధులు లేవు. కొమ్మలతో అలంకరించిన ఒక పల్లకి ఊరివైపునకు వచ్చుచున్నది. సమాధులను ఊడ్చి మరలుచున్నవారని దానికి వ్యాఖ్యానము. పటము పేరులోని చింగ్‌మింగ్ పండుగ కాదనియు, దేశము సుభిక్షముగ నున్నదను భావమనియు వాదించువారును కలరు. మా అభిప్రాయమున రెండర్థములకును విరోధము లేదు. పెద్దలకడకు పోయివచ్చిన వారే మరల నిర్మలముగ అంగడిలో అడుగిడుదురు. ఈ రెండు కృతులును సమాధిని వదలి బ్రతికియున్నవారి వైపు తిరిగినవి. పెద్దల పండుగ నిజమునకు పెద్దలకొరకు గాదు, పిల్లలకొరకే యని ఆ కళాకారు లిరువురును గ్రహించినట్లున్నది.

గుణములు చెప్పితిమి, దోషములు చెప్పకున్న విమర్శ కానేరదు. కాగితపు ధనమును, కాగితపు ఇండ్లను, ఇటీవల కాగితపు మోటారుకార్లను, సెల్‌ఫోన్లను సైతము కాల్చుట అందలి పెద్ద దోషము. పరలోకమున పెద్దలకు టెలిఫోను వలయునని తలచుట భక్తి కంటె వర్తకమునకే సమీపము. ఆ నిప్పు గాలికెగసి కొండల మీది అడవుల నంటుకొనుటయు కలదు. కావుననే అనేక నగరములు నిప్పును అరికట్టి పూలను ప్రోత్సహించుచున్నవి. మరియొక దోషము, వారి పూర్వపు వంశావళి గ్రంథములు మగసంతతినే యెన్నుట. ఇంటి ఆడుబిడ్డ పుట్టినింటి గ్రంథమున ఒక పేరుగ నిలుచుట అరుదు. ఇన్ని దోషము లున్నను ఆచారము నిలిచినది. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలమున దీనిని మూఢవిశ్వాసమని నిరసించిరి. అయినను 1976లో చింగ్‌మింగ్‌నాటికి జనము గుంపులుగ బీజింగ్ నగరమునందలి తియెనాన్‌మెన్ మైదానమున చేరి, ఆ జనవరిలో మరణించిన ప్రధాని చౌ ఎన్‌లైకి పుష్పగుచ్ఛములు సమర్పించిరి. 2008 నుండి చీనా ప్రభుత్వమే ఈ దినమును సెలవుదినముగ ప్రకటించినది.

ఇక మన సంగతి. మన పెద్దల పండుగ వసంతమున గాక, భాద్రపద బహుళపక్షమున వచ్చును. ఆ పక్షమంతయు మహాలయము. దాని చివర వచ్చు మహాలయ అమావాస్యనే పెద్దల అమావాస్య యందుము. తెలంగాణమున పెత్రమాస యందురు. కోస్తా తెలుగువారిలో ననేకులు సంక్రాంతినాడే పెద్దలకు బట్టలు పెట్టుకొందురు. మన సీమలో కొందరు దక్షిణపినాకిని ఒడ్డునను, కొందరు హొగేనకల్ వద్ద కావేరిలోను తర్పణములు విడుతురు. తక్కినవారు ఇంట పటములను తుడిచి, కొత్త బట్టలు పెట్టి, పోయినవారికి ప్రీతియైన వంటకములు వండి, ఆకువేసి వడ్డించి, కాకికి ముద్ద పెట్టి, బంధువులతో భుజింతురు. మన ఇరుగుపొరుగు కన్నడిగులు దీనినే ఎడె యిడుట యందురు.

చింగ్‌మింగ్‌తో పోల్చినప్పుడు మన ఆచారమున రెండు విశేషములు కానవచ్చును. తర్పణమున తండ్రి, తాత, ముత్తాతలతోబాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారును గణింపబడుదురు. తల్లివైపు తాతలును గణింపబడుదురు. నవమినాడు సువాసినిగ పోయిన స్త్రీలకు ప్రత్యేకముగ అవిధవానవమి గలదు. అంతటితో నాగక, కారుణ్యపితరులను పేరున బంధువులకు, మిత్రులకు, గురువునకు సైతము తిలోదకము విడుచుట గలదు. రక్తసంబంధము లేనివానిని గూడ పెద్దగ నెన్నుట మన ఆచారపు ఔదార్యము. ఇందు మనము చీనీయుల కంటె వెనుకబడి యుండలేదు, ముందున్నాము.

కాని లోపము మరియొకచోట నున్నది. తర్పణము మూడు తరములతో నాగును. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. అంతకు పైవారు పేరులేని దేవతలలో కలిసిపోవుదురు. శాస్త్రమునకు అది చాలును. మనబోటి వారికి చాలదు. మనవారిలో విజయనగర ప్రభువుల కాలమునను, పాళెగాండ్ర కాలమునను వచ్చినవారు కొందరు. అంతకు ముందే యున్నవారు కొందరు. తరమునకు 25 ఏండ్ల లెక్కన నాలుగువందల ఏండ్లకు 16 తరములు. మూడు పేర్లు చెప్పి నాగినచో 13 పేర్లు పోయినట్లే. పైగా మనము కదలకున్నను మన చిరునామా కదలుచు వచ్చినది. 1956 రాష్ట్రముల పునర్విభజనలో ఈ సీమ మదరాసు రాష్ట్రముననే నిలిచినది. సేలము జిల్లావారమై యుంటిమి. 1965లో ధర్మపురి జిల్లావారమైతిమి. 2004లో కృష్ణగిరి జిల్లావారమైతిమి. ఇట్టివారికి పెద్దల పేర్లు తప్ప వేరు ఆధారమేమున్నది?

మేము మెట్రిక్యులేషను చదివి, ఒక రెవెన్యూ కచేరీలో గుమాస్తాగ పనిచేసినవారము. వారసత్వ ధ్రువపత్రమునకును, పట్టా పేరుమార్పునకును వచ్చువారికి వంశవృక్షము వ్రాయించుట మా నిత్యకృత్యము. తండ్రి పేరు అందరును చెప్పుదురు. తాత పేరు తడుముకొని చెప్పుదురు. ముత్తాత పేరడిగినచో సగముమంది పెద్దన్ననో మేనత్తనో కేకవేయుదురు. ఆమెయు చెప్పలేనినాడు పాత దస్తావేజు విప్పుదురు. అది తెలుగున వ్రాసి యుండును. తెచ్చినవానికి తెలుగు చదువరాదు. అప్పుడు వాని ముత్తాత పేరును వానికి మేము చదివి వినిపించెడివారము. ఆ పేరు విని వారు సంతోషించెడివారు. ఆ సంతోషము చూచుట మాకొక వేడుకయే గాని, ఒక మనుజుడు తన ముత్తాత పేరును కచేరీ గుమాస్తా నోట మొదటిసారి వినుట శుభసూచకము గాదు.

శిలల సంగతియు ఇట్టిదే. మన పల్లెలలో పలు కుటుంబములు తమ పెద్దలను తమ పొలముననే పూడ్చి, చిన్న గద్దె కట్టి, మీద తులసి నాటెడివి. 1970వ దశాబ్దిలో హోసూరున సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలసిన నాటినుండి పొలములు కర్మాగారములుగను, ఇండ్లస్థలములుగను మారుచు వచ్చినవి. పొలము అమ్మినప్పుడు కొలతలు వ్రాసితిమి, బావి వ్రాసితిమి, చింతచెట్టు వ్రాసితిమి. గద్దెను ఎందరు వ్రాసిరి? పొలముల నడుమ నిలిచిన వీరగల్లులను చూడుడు. ఊరి పశువులకొరకో, ఊరి మానముకొరకో ప్రాణమిచ్చినవారి జ్ఞాపకశిల లవి. కొన్నిటిని కృష్ణగిరి ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేర్చి కాపాడిరి. కొన్నిటిని వేడియప్పన్ అను పేర దేవతగ కొలుచుచున్నారు. కొలువు దక్కినది, పేరు దక్కలేదు. అన్నము పెట్టుట మానలేదు, ఎవరికి పెట్టుచున్నామో మరచితిమి.

ఊడ్చుట మన తెలుగువారికి కొత్తయని యెవరైన అనినచో మేమొప్పుకొనము. కరీంనగర్ పట్టణమున కార్ఖానగడ్డ శ్మశానవాటికలో దళిత కుటుంబములు దీపావళినాడు సమాధులను కడిగి, సున్నము కొట్టి, పూలు చుట్టి, వాటి నడుమ దీపములు వెలిగించి పండుగ జరుపుకొనుచున్నవి. తెలుగు క్రైస్తవులలో నవంబరు 2న సమాధుల పండుగ గలదు. ముస్లిములు షబ్-ఎ-బరాత్ రాత్రి తమవారి గోరీలకడకు పోవుదురు. మైలయని మనలో పలువురు ఏ చోటికి పోక తప్పించుకొందుమో, ఆ చోటనే వీరు దీపము పెట్టుచున్నారు. చీనీయులను మెచ్చుకొనుటకు ముందు వీరిని మెచ్చుకొనుట న్యాయము.

అల్పసంఖ్యాకులై పరస్థలమున బ్రతుకువారికి ఈ సంగతి మరింత ముఖ్యమని తెలుపుటకు ఒక నిదర్శనము చాలును. కలకత్తాకు దిగువన హుగ్లీ నది యొడ్డున, బజ్‌బజ్ సమీపమున అచీపూర్ అను గ్రామము గలదు. 1778 ప్రాంతమున తోంగ్ ఆచ్యూ అను చీనీయుడు వచ్చి, వారన్ హేస్టింగ్సు వలన భూమి పొంది, చెరకు తోటయు, చక్కెర మిల్లును పెట్టి తన దేశపు కూలీలను రప్పించెను. ఆతని పేరుననే ఆ ఊరు వెలసినది. ఆతని మిల్లు లేదు, తోట లేదు. ఎర్రరంగు వేసిన ఒక సమాధి మాత్రము నది యొడ్డున నిలిచియున్నది. 1962 యుద్ధము తరువాత కలకత్తా చీనీయులలో ననేకులు నిర్బంధములకు గురియై, దేశము విడిచి పోయిరి. మిగిలినవారు కొలదిమంది. ఆ కొలదిమందియు తమ సంవత్సరాది తరువాత ఏటేట అచీపూరునకు పోయి ఆ సమాధికి మ్రొక్కుచు వచ్చిరి. ఆతడు వారిలో నెందరికి రక్తబంధువో చెప్పలేము. అందరికంటె ముందుగ వచ్చినవా డగుటచే ఆతడు అందరికిని పెద్ద యయ్యెను. ఒక చోటు, ఒక పేరు, ఒక దినము, ఈ మూడును కలసి ఒక చిన్న సంఘమును నిలిపినవి.

మనకు దినము గలదు. చోట్లు చెదరినవి. పేరైనను నిలువవలెనన్న అక్షరము నిలువవలెను. ఇచ్చటనే అసలు ఆపద యున్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వము తెచ్చిన చట్టముచే బడులలో తమిళము మొదటి తరగతి నుండి ఏటేట పైకి నిర్బంధమగుచు, 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు న్యాయస్థానముల ద్వారా కొన్ని మినహాయింపులు లభించినవి. మేము తమిళమును ద్వేషించువారము కాము. అది మనకు అన్నము పెట్టిన భాష. మన పిల్లలు దానిని చక్కగ నేర్వవలెను. బడిలో తెలుగు తగ్గినకొలది ఇంటిలో పెరుగవలెనని మాత్రమే మా వాదము. ఇంట తెలుగు మాటలాడుచు తెలుగు చదువలేని పిల్లవాడు, ఎదుట శిల యుండియు పేరు చదువలేనివాడగును. అప్పుడు చింగ్‌మింగ్ గాథలోని ప్రభువునకు మనకు భేదముండదు. మన యింటికొరకు తొడమాంసము కోసిచ్చినంతగ శ్రమించినవారిని, ద్వేషముచే గాక, కేవలము మరపుచే పోగొట్టుకొందుము.

కావున చీనీయుల కాగితపు నాణెములను మనము తెచ్చుకొన పనిలేదు. వారి చీపురును, కుంచెను తెచ్చుకొన్న చాలును. ప్రతి కుటుంబమును ఒక గట్టి అట్ట పుస్తకమున తమ పెద్దల పేర్లను, ఆడువారి పేర్లను విడువక, ఊరితోను, పొలముతోను సహా తెలుగు లిపిలో వ్రాసియుంచవలెను. ఎనుబదేండ్లు దాటిన మేనత్తలు, పెదనాయనలు ఉన్న యిండ్లవారు ఈ పనిని వచ్చు సంవత్సరమునకు వాయిదా వేయరాదు. పెద్దల అమావాస్యకు ముందు ఆదివారము పిల్లలతో పోయి గద్దెయున్నచో గద్దెను, వీరగల్లున్నచో వీరగల్లును శుభ్రపరుపవలెను. శిలాక్షరములపై రంగు పూయుటకు పురావస్తు శాఖవారు సమ్మతింపరు గనుక, గడ్డి పీకి, నీటితో కడుగుట చాలును. అమావాస్యనాడు ఆకు వేసిన పిదప, కాకికి ముద్ద పెట్టుటకు ముందు, ఇంటిలో చిన్నవాడు ఆ పుస్తకము తెరచి పేర్లన్నియు బిగ్గరగ చదువవలెను. చదువనేర్పుటకు ఏడాది వ్యవధి గలదు. యాబదియారు అక్షరములకు అది చాలినంత కాలము.

ఇందు ఖర్చు లేదు, శాస్త్రవిరోధము లేదు, ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. రాబోవు భాద్రపదము నుండియే మన సంఘమువారు ఈ పనిని తమ యిండ్ల మొదలుపెట్టి, పేర్ల పుస్తకపు ప్రతి నొకదానిని సంఘపు బీరువాలో భద్రపరచెదరు గాక యని మా విన్నపము.